మ్యూజియంలో కుండల గది

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)

సెలవులొచ్చాయంటే మనవాళ్ళందరూ ఏదో ఒక ఊరు చూడ్డానికి బయల్దేరతారు. గుడి ఉంటుంది, కొండ ఉంటుంది, సముద్రం ఉంటుంది, చీరల కొట్టు ఎలాగూ ఉంటుంది. వీటి మధ్య ఎక్కడో ఒక మ్యూజియం కూడా ఉంటుంది. ఇంతదూరం వచ్చి చూడకుండా వెళ్తే ఏం బాగుంటుందని టిక్కెట్లు కొని లోపలికి వెళ్తాం. మొదటి గదిలో విగ్రహాలు. బాగుంటాయి. రెండో గదిలో కత్తులు, బాకులు, పాత నాణాలు. మగపిల్లలు కత్తుల దగ్గర అతుక్కుపోతారు. మూడో గదిలో కుండలు. నాలుగో గదిలోనూ కుండలే. పెద్ద కుండ, చిన్న కుండ, మూతి విరిగిన కుండ, అడుగు లేని కుండ. ఒక్కోచోట అసలు కుండే ఉండదు, నాలుగు పెంకులు మాత్రం ఉంటాయి. అద్దాల బీరువాల్లో వరసగా పేర్చి, ఒక్కోదాని ముందు ఒక్కో చీటీ పెడతారు. ఆ చీటీ మీద "మట్టి పాత్ర" అని ఉంటుంది. అది మట్టి పాత్రేనని మనకి తెలీదూ!

అక్కడికొచ్చేసరికి కాళ్ళు పీకుతాయి. చంటిది ఏడుపు లంకించుకుంటుంది. "కుండలేగా, పదండి పదండి" అంటారు ఇంటాయన. అసలు మనలో చాలామంది అంతదాకా కూడా వెళ్ళం. "మీరు చూసి రండి, నేనిక్కడ సంచులు చూస్తూ కూచుంటా" అని గుమ్మం దగ్గరే ఆగిపోతాం. చెప్పులకీ, టిఫిను కారియరుకీ కాపలా.

ఆ కుండల గది గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. అక్కడ విసుగు పుట్టడం తప్పేమీ కాదు. కాని ఆ గదిలో ఉన్న వస్తువుల సంగతి ఇంటిల్లిపాదిలోనూ బాగా తెలిసింది మనకే. ఆ గదిలోకి వెళ్ళకుండా బయట కూచునేదీ మనమే. ఇదే నాకు బొత్తిగా నచ్చని సంగతి.

ముందు విసుగు సంగతి చూద్దాం. మ్యూజియంలో అలిసిపోవడం మనకి చదువు చాలకో, శ్రద్ధ లేకో వచ్చేది కాదు. అమెరికాలో బోస్టన్ నగరపు లలితకళల మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ అనే ఆయన 1916లోనే ఈ అలసట మీద ఒక వ్యాసం అచ్చువేయించారు. ఆయన ఒక మనిషిని బీరువాల ముందు నిలబెట్టి, లోపలున్న వస్తువుల్ని సరిగ్గా చూసి చెప్పమన్నారు. చూడ్డానికి ఆ మనిషి ఎలా నడుం వంచాడో, ఎలా మెడ సాచాడో, ఎలా గొంతుక్కూచున్నాడో అన్నీ ఫోటోలు తీయించారు. తప్పు చూసేవాళ్ళది కాదు, బీరువాలు పెట్టిన తీరుది అని ఆయన తేల్చారు. నూరేళ్ళు దాటాయి. ఇవాళ్టికీ మనం అలాగే వంగుతున్నాం, అలాగే మెడ సాచుతున్నాం.

పైగా ఒకేరకం వస్తువులు వరసగా చూస్తే కంటికి ఏదీ ఆనదు. చీరల కొట్లో ఇరవై చీరలు విప్పించాక ఇరవై ఒకటోది ఏ రంగో చెప్పగలమా? కుండలూ అంతే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడండి. గంట కొట్టే వేళకి గడియారం ముందు జనం గుంపుగా చేరిపోతారు, లోపలి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే చూడాలని. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందు, పాలరాతిలో అంత పల్చటి ముసుగు ఎలా వచ్చిందా అని నోరు తెరుచుకుని నిలబడతారు. కుండ గంట కొట్టదు. ముసుగు వేసుకోదు. దాని ముందు ఎవరు నిలబడతారు?

మరి ఏ ఊరు మ్యూజియానికి వెళ్ళినా ఇన్నేసి కుండలు ఎందుకు పెడతారు? దానికి కారణం మన వంటింట్లోనే ఉంది. కర్ర పుచ్చిపోతుంది. గుడ్డ చివికిపోతుంది. బుట్ట చెదలు తింటుంది. రాగీ ఇత్తడీ పాతబడితే కరిగించి ఇంకోటి చేయించుకుంటాం. మట్టికుండ ఒక్కటే పగిలితే ఎందుకూ పనికిరాదు, పెంటమీద పారేస్తాం. కాని ఒకసారి ఆవంలో కాలిన మట్టి మళ్ళీ మట్టిలో కలవదు. వేల ఏళ్ళయినా పెంకు పెంకులాగే ఉంటుంది. రోము నగరంలో మోంటె టెస్టాచో అని ఒక గుట్ట ఉంది. ముప్ఫై అయిదు మీటర్ల ఎత్తు. అది కొండరాయి కాదు. ఆలివు నూనె తెచ్చిన జాడీలు ఖాళీ అయ్యాక పగలగొట్టి, అక్కడే పోస్తూ పోస్తూ వస్తే తయారైన పెంకుల గుట్ట.

కుండల ఫేషను కూడా మన చీరల ఫేషనులాగే మారుతూ ఉంటుంది. ఒక కాలంలో అంచు మందం, ఇంకో కాలంలో పలచన. ఈ సంగతి పట్టుకుని 1890లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పండితుడు పాలస్తీనాలో ఒక దిబ్బ తవ్వుతూ, ఏ పొరలో ఏ రకం పెంకులున్నాయో చూసి ఆ పొర ఏ కాలానిదో చెప్పవచ్చని చూపించాడు. అప్పట్నుంచీ తవ్వకాలు జరిపేవాళ్ళకి బంగారం కంటే పెంకే ముద్దయింది. బంగారం దొరికితే పేపర్లో పడుతుంది, పెంకు దొరికితే లెక్క తేలుతుంది.

ఇంకో సంగతి. ఇంట్లో వాడిన కుండలన్నీ పగిలిపోతే, మ్యూజియంలో చెక్కుచెదరని కుండలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటారు? వాటిలో చాలా భాగం సమాధుల్లోవి. మన తెలుగునాట పొలాల్లో, గుట్టల పక్కన పెద్ద పెద్ద రాళ్ళు నిలబెట్టినవీ, బల్లల్లా కప్పినవీ కనిపిస్తాయి. జనం రాకాసి గుళ్ళు అంటారు, పాండవుల గుళ్ళు అంటారు. అవి రెండు మూడు వేల ఏళ్ళనాటి మనుషుల సమాధులు. పోయిన మనిషి పక్కన తిండీ నీళ్ళూ పెట్టి, కుండలతో సహా కప్పెట్టేవారు. ఈ సంగతి తెలిశాక ఆ గదిలో నిలబడితే మనసు ఇంకోలా అవుతుంది. పోయినవాళ్ళు ఎవరో మనకి తెలీదు. కాని ఆ కుండలో ఎవరో చివరిసారి వండి పెట్టారు. పోయినవాళ్ళకి ఏది ఇష్టమో అదే వండి ఉంటారు. ఆ పని మనం ఇప్పటికీ చేస్తూనే ఉన్నాం కదా.

ఇక చూడ్డం ఎలాగో చెబుతాను. చీటీ చదవకండి ముందు. బజార్లో కుండ కొనేటప్పుడు ఎలా చూస్తామో అలా చూడండి. మూతి చూడండి. చెయ్యి దూరుతుందా, దూరదా? చెయ్యి దూరితే లోపల తోముకోవచ్చు. అంటే పాలకో, పెరుగుకో, వంటకో అయి ఉంటుంది. మూతి సన్నంగా ఉంటే నీళ్ళకి. చంకనెత్తుకుని నడిస్తే తొణక్కూడదు గదా. మూతి అంచు బయటికి ఒంపు తిరిగి ఉందా? అయితే దానికి వాసెన కట్టి ఉంటారు, లేదా తాడు బిగించి ఉట్టికి వేలాడదీసి ఉంటారు. తరవాత అడుగు చూడండి. గుండ్రంగా ఉంటే పొయ్యి మీదకి. మంట అన్నివైపులా సమంగా తగులుతుంది. మూలలుంటే అక్కడే పగులుతుంది. మసి ఎంతవరకు పట్టిందో చూస్తే పొయ్యి ఎంత లోతో చెప్పవచ్చు. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు.

మా రాయవరం ఆడవాళ్ళం కొంతమందిమి కలిసి ఒకసారి యాత్రకి వెళ్ళినప్పుడు, దారిలో ఒక ఊళ్ళో మ్యూజియం చూశాం. మాలో ఒక పెద్దావిడ ఉన్నారు. సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. మేమందరం కుండల గది గబగబా దాటేసి వెనక్కి చూస్తే ఆవిడ లేరు. వెళ్ళి చూద్దుం గదా, ఒక బీరువా ముందు నిలబడి నవ్వుకుంటున్నారు. "ఏంటి పిన్నిగారూ?" అంటే, "ఇది తరవాణి కుండేనే అమ్మాయ్! మా అత్తగారి దగ్గర అచ్చం ఇలాంటిదే ఉండేది. చూడు, పొట్ట పెద్దది, మెడ పొట్టిది. పొంగినా పైకి రాదు" అన్నారు. అది నిజంగా తరవాణి కుండో కాదో నేను చెప్పలేను. కాని ఆవిడ ఆ పొట్టా, ఆ మెడా ఎందుకలా ఉన్నాయో చెప్పారు. చీటీ అది చెప్పలేదు. తరవాత అరగంటసేపు మేం ఎవ్వరం అక్కణ్ణుంచి కదల్లేదు. ఇది గోలెం, ఇది బాన, ఇది చల్లకుండ, ఇది పిడత, ఇది మూకుడు, ఇది దాలిలో పాలు కాచే కుండలా ఉందే అంటూ మాటలు సాగాయి. ఒక్కళ్ళకీ కాళ్ళు పీకలేదు.

కొన్ని కుండలు లోపలా, మూతి దగ్గరా నల్లగా, బయట కిందిభాగం ఎర్రగా ఉంటాయి. రాకాసి గుళ్ళలో దొరికేవి ఎక్కువగా ఈ రకమే. రెండు రంగులు వేశారనుకుంటాం. రంగు కాదు, కాల్చిన తీరు. కుండని బోర్లించి కాలిస్తే లోపలికీ మూతికీ గాలి ఆడదు, అక్కడ నల్లబడుతుంది. గాలి తగిలిన చోట మట్టిలో ఉన్న ఇనుము ఎర్రబడుతుంది. ఒక్క మట్టితో, ఒక్క ఆవంలో రెండు రంగులు. పెనం మీద అట్టు ఒక పక్క ఎర్రగా, ఒక పక్క తెల్లగా రావాలంటే ఎప్పుడు తియ్యాలో తెలిసిన మనకి ఇందులో ఎంత నేర్పు ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి కొన్ని జాడీలకి అడుగు కొసగా ఉంటుంది. నేలమీద నిలబెడితే నిలవవు. ఇదేం పాత్ర అనిపిస్తుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు ఇలాంటి రెండు చెవుల జాడీల ముక్కలు దొరికాయి. రోము రాజ్యం నుంచి ఓడల మీద ద్రాక్షసారా, నూనె వాటిలో వచ్చేవి. ఓడలో ఒకదాని సందులో ఒకటి ఇరికించి పేర్చడానికి ఆ కొస వీలు. అది వంటింటి పాత్ర కాదు, ఓడ పాత్ర. మన కుండకి కుదురు ఎలాగో, దానికి ఓడ అలాగ.

కొత్త కుండ తెస్తే మనం ముందు గంజి కాస్తాం. ఎందుకు? మట్టికి సన్నసన్న రంధ్రాలుంటాయి, అవి పూడాలని. అయినా కుండ తాగుతూనే ఉంటుంది. నూనె తాగుతుంది, పులుసు తాగుతుంది. పులుసు చట్టిలో పాలు కాస్తే ఏమవుతుందో మనకి తెలుసు. శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఆ తాగినదాన్నే బయటికి తీసి చదువుతున్నారు. హర్యానాలో ఫర్మానా అనే చోట సింధు నాగరికత కాలపు ఊరొకటి తవ్వారు. నాలుగు వేల ఏళ్ళు దాటిన ఊరది. అక్కడి వంట కుండల మీదా, అప్పటి మనుషుల పళ్ళమీదా అంటుకుని ఉన్న పిండి రేణువుల్ని సూక్ష్మదర్శినిలో చూస్తే అల్లం, పసుపు, వంకాయల జాడలు కనిపించాయి. వంకాయ, అల్లం, పసుపు! మొన్న మీరు చేసిన కూరే కదా. మనకీ ఆవిడకీ మధ్య నాలుగు వేల ఏళ్ళున్నాయి గాని, మూకుడులో ఉన్నది మాత్రం మారలేదు.

మా గోదావరి సీమలో ఆత్రేయపురం పూతరేకుల సంగతి మీ అందరికీ తెలుసు. 2023లో ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రేకు తీసేది కుండ మీదే. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, వేడెక్కిన కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. రెప్పపాటులో రేకు వస్తుంది. ఆ పని అక్కడ చేస్తున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒక్క ఊహ చెయ్యండి. ఇంకో రెండు వేల ఏళ్ళకి ఆ ఊళ్ళో తవ్వకాలు జరిగి, ఆ కుండ ఒకటి బయటపడిందనుకోండి. లోపల మసి, బయట నున్నగా అద్దంలా మెరుపు. ఇదేమిటి, తలకిందులుగా ఉందే అనుకుంటారు పండితులు. అర్థంకాని వస్తువు కనిపిస్తే పూజకి వాడినది అయి ఉంటుందని రాసెయ్యడం తేలిక. అద్దాల బీరువాలో పెట్టి "పూజా పాత్ర కావచ్చు" అని చీటీ తగిలిస్తారు. జనం ఆవలిస్తూ దాటిపోతారు. పూతరేకు రుచి ఆ చీటీలో రాదు. తీసిన చేతి వాటం రాదు. ఆ వేడికి బొబ్బలెక్కిన వేళ్ళ సంగతీ రాదు.

అందుకే మనం ఆ గదిలోకి వెళ్ళాలంటున్నాను. నాగార్జునకొండ చూసే ఉంటారు. 1954 నుంచి 1960 దాకా తవ్వి, సాగరు నీళ్ళలో మునిగిపోయే లోయలోంచి దొరికినవాటిని కొండమీదకి చేర్చారు. ఇప్పుడు లాంచీలో వెళ్ళి చూడాలి. అక్కడి శాసనాల్లో ఇక్ష్వాకు రాజుల ఇంటి ఆడవాళ్ళ పేర్లున్నాయి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుని చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి ఇచ్చిన దానాలు రాతిమీద చెక్కి ఉన్నాయి. దానం ఇవ్వగలిగిన ఆవిడ కాబట్టి రాయి మీదకెక్కింది. ఆ రోజుల్లో ఆ లోయలో పొద్దున్నే పొయ్యి రాజేసిన మిగతా ఆడవాళ్ళ మాటేమిటి? వాళ్ళకి శాసనాలు లేవు. వాళ్ళ చెయ్యి తగిలిన వస్తువు ఏదైనా మిగిలిందంటే అది కుండే. రాజుల గదిలో గంటసేపు ఉండి, వాళ్ళ గది ముందు "కుండలేగా" అని పక్కకి తప్పుకోవడం మనకి తగునా?

కుండ చిన్న వస్తువేమీ కాదు. చైనాలో ఒక గుహలో దొరికిన పెంకులు ఇరవై వేల ఏళ్ళనాటివని 2012లో తేల్చారు. వ్యవసాయం కంటే ముందే కుండ ఉందన్నమాట. వాటిమీద మంట తగిలిన గుర్తులూ ఉన్నాయి. మన దగ్గర అమరావతి శిల్పాల్లో పూర్ణఘటాన్ని ఎంత ముద్దుగా చెక్కారో చూడండి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రాజముద్రగా తీసుకున్న చిహ్నం నడుమ ఉన్నది అదే. ప్రభుత్వ కాగితం మీద రోజూ చూస్తున్న కుండని బీరువాలో చూడలేమా?

ఇక ప్రయాణంలో పాటించే చిన్న చిన్న జాగ్రత్తలు. మ్యూజియాన్ని సాయంత్రానికి పెట్టుకోకండి. తిరిగి తిరిగి అలిసినవాళ్ళకి ఏదీ ఎక్కదు. పొద్దున్నే వెళ్ళండి. ఏ రోజు సెలవో ముందే కనుక్కోండి, కొన్నిచోట్ల శుక్రవారం, కొన్నిచోట్ల సోమవారం. అన్నీ చూడాలన్న పట్టుదల వద్దు. విందులో వడ్డించినవన్నీ తింటే ఏమవుతుందో ఇదీ అంతే. గంటసేపు చాలు. కుండల గదిలో మూడే మూడు కుండలు ఎంచుకోండి. ఒకటి వండడానికి, ఒకటి దాచడానికి, ఒకటి మోయడానికి. వాటిముందు తీరిగ్గా నిలబడండి. బల్ల ఉంటే కూచోండి. పిల్లలకి పాఠం చెప్పకండి, పొడుపుకథ వెయ్యండి. "ఇందులో ఏం పెట్టేవాళ్ళో చెప్పు చూద్దాం" అంటే చాలు, వాళ్ళే బీరువా చుట్టూ తిరుగుతారు. సంచులు ఈసారి ఇంటాయన్ని చూడమనండి. కాసేపట్లో మీరు వచ్చి ఆయన్ని పంపవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, అత్తగారినో అమ్మమ్మనో వెంటబెట్టుకుని వెళ్ళండి. పెద్దవాళ్ళు నడవలేరని బస్సులోనే కూచోబెట్టేస్తాం. ఆ గదికి అసలైన పండితులు వాళ్ళే. అహమ్మదాబాదులో 1981 నుంచి ఒక మ్యూజియం నడుస్తోంది, వేచార్ అని. అందులో ఉన్నవి ఎక్కువగా ఇంటి పాత్రలే. ఇవి పాతసామాన్ల కొట్టుకీ, కొలిమికీ పోతున్నాయే అని బాధపడి ఒకాయన వాటిని పోగుచేశారు. పాత్రలైతే అలా పోగుచెయ్యవచ్చు. పేర్లూ, వాడకమూ పోగుచెయ్యడం ఎలా? గోలేనికీ బానకీ తేడా మీ అమ్మాయికి తెలుసా? చల్లకుండకి వేరే మట్టి ఎందుకు వాడేవారో, దాలిలో పాలు ఎంత పొద్దెక్కితే ఎర్రబడతాయో ఎవరికి తెలుసు? స్టీలూ ప్రెషరు కుక్కరూ వచ్చాక సుఖంగానే ఉన్నాం. ఆ సుఖం వదులుకోమనడం లేదు. కుమ్మరి వీధిలో చక్రాలు ఆగిపోతున్న రోజుల్లో మట్టి సంగతి చెప్పగలవాళ్ళు కూడా ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. ఊరెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఇంట్లో ఏ కుండని ఏమనేవారో, దేనికి వాడేవారో, ఎలా తోమేవారో పెద్దవాళ్ళని అడిగి రాసిపెట్టండి. మీ అమ్మాయికి చీర పెట్టేటప్పుడు అదీ పెట్టండి.

పండితులు తవ్వి తీసిన కుండకి వయసు చెప్పగలరు. ఆ కుండతో కాపరం ఎలా చేశారో చెప్పడానికి మాత్రం, కాపరం చేసిన చెయ్యి ఒకటి పక్కన ఉండాలి. ఈసారి ఏ ఊరు వెళ్ళినా ఆ గది గుమ్మం దగ్గర ఆగిపోకండి. లోపలికి వెళ్ళండి.